తగ్గిందా అని అడిగిన వాళ్లందరికీ

అది శ్రావణ మాసం. పెళ్లిళ్ల గిరాకీతో వరంగల్ బజారులోని మా మ్యాచింగ్ సెంటర్ కిటకిటలాడుతోంది. మాది చీరలకు జాకెట్ బట్టలు, ఫాల్స్, లైనింగులు అమ్మే దుకాణం. ఒకావిడ సంచిలోంచి ఆవపువ్వు రంగు పట్టుచీర తీసి బల్ల మీద పరిచి, "దీని అంచు కలర్ల జాకీట్ బట్ట చూపియ్యి చెల్లె" అంది. అంచు ముదురు వంకాయ రంగు. వంకాయ రంగులే మా దగ్గర ఓ అలమర నిండా ఉంటాయి. వాటిలో దీనికి ఏది నప్పుతుందో నాకు చూడగానే తెలిసిపోయింది. "ఉన్నదక్కా, కూసో" అనాలి. నోరు తెరిచాను. మాట రాలేదు.

గొంతు పట్టలేదు, నొప్పీ లేదు. మాట తలలో స్పష్టంగా ఉంది, కిందికి మాత్రం దిగడం లేదు. ఆవిడ మళ్లీ అడిగింది. పక్కన మా ఆయన ఎవరికో లైనింగ్ బట్ట చర్రున చింపాడు. పెళ్లయిన దగ్గర్నుంచి రోజూ వినే చప్పుడే అది. ఆ రోజు పళ్లలోకి దిగినట్లయింది. పైన ట్యూబులైట్లు, కింద మనుషులు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కత్తెర బల్ల మీద పెట్టి వెనక గదిలోకి పోయి, బట్టల తాన్ల మధ్య చెవులు మూసుకొని కూర్చున్నాను.

మా ఆయన వచ్చి, "రజితా, ఏమైంది? గిరాకీ నిలబడ్డది" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. బయట ఆ చీర ఆవిడ, "గింత పొగరేంది, అడిగితే సప్పుడు చెయ్యది" అంటూ వెళ్లిపోవడం వినిపించింది. ఆ సాయంత్రం ఇంట్లో కూడా నోరు పెగల్లేదు. మా పాప సహస్ర అప్పుడు రెండో తరగతి. మంచినీళ్లు తెచ్చి, "అమ్మా, నోరు నొస్తాందా?" అని అడిగింది. దానికీ జవాబు చెప్పలేకపోయాను.

మాట కొన్నాళ్లకు తిరిగి వచ్చింది, కానీ నిలకడ లేదు. పొద్దున ఉండేది, మధ్యాహ్నానికి పోయేది. ఒళ్లంతా బరువు. తలస్నానం చేయడం కూడా పెద్ద పని అయిపోయింది. ముందు హన్మకొండలో ఒక జనరల్ ఫిజీషియన్‌కి చూపించారు. థైరాయిడ్ ప్రొఫైల్, బీ ట్వెల్వ్, షుగర్, ఆ తర్వాత తలకు ఎమ్మారై. ఎమ్మారై మిషన్లో ఆ ఠకఠకలకు నేను కదిలిపోతే టెక్నీషియన్ విసుక్కున్నాడు. రిపోర్టులన్నీ నార్మల్. డాక్టరు మా ఆయనతో, "ఏం లేదండీ, స్ట్రెస్. కొంచెం రెస్ట్ ఇవ్వండి" అన్నాడు. ఏం లేదన్నప్పుడు ఎవరికైనా సంతోషం కలగాలి. నాకు ఏడుపొచ్చింది. ఏదో ఒకటి ఉంటే బాగుండేది, దానికి మందుండేది.

రెస్ట్ అంటే మా అత్తమ్మకు తోచింది ఒకటే. "జర కొన్ని రోజులు మీ అమ్మగారింట్ల ఉండు బిడ్డా. మనసు మంచిగైతది. తగ్గినంక వద్దువు. పిల్ల ఇక్కడ్నే ఉంటది, స్కూలు ఖరాబ్ చెయ్యద్దు." ఆమె చెడ్డగా అనలేదు. నేను ఊ అన్నాను. మా అమ్మ కాజీపేటలో ఒక్కతే ఉంటుంది. నాన్న రైల్వేలో పనిచేసేవాడు, పోయి చాలా కాలమైంది. వరంగల్‌కి కాజీపేట ఎంత దూరమని, ఆటో ఎక్కితే వచ్చేస్తామని అనుకున్నాను. "తగ్గినంక" అన్న ఆ మాట నా బిడ్డకూ నాకూ మధ్య అంత కాలం అడ్డం నిలబడుతుందని అప్పుడు తెలియలేదు.

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పాలి. చిన్నప్పుడు నేను ఎవరితోనూ కలిసేదాన్ని కాదు. అందరూ నెమ్మదస్తురాలు అనుకున్నారు, అదే చూసి అత్తవారు ఇష్టపడ్డారు. దుకాణంలో కూర్చోమన్నప్పుడు నాకు చేతకాక, మా అత్తమ్మను చూసి నేర్చుకున్నాను. ఎవరిని అక్కా అంటుంది, ఎవరిని తల్లీ అంటుంది, ఎప్పుడు నవ్వుతుంది, ఎంతసేపు నవ్వుతుంది, గిరాకీ కళ్లలోకి చూస్తూ ఎట్లా ధర చెబుతుంది... అన్నీ పాఠంలా బట్టీ పట్టాను. రాత్రి ఇంటికొచ్చాక బాత్రూంలో లైటు వేసుకోకుండా నేల మీద కూర్చునేదాన్ని. ఆడవాళ్లందరూ పగలంతా ఇలాగే నటించి, ఇంటికి పోయి ఇలాగే చీకట్లో కూర్చుంటారని నిజంగా నమ్మాను.

అమ్మగారింటికి వచ్చాక ఒక సైకియాట్రిస్టుకు చూపించుకున్నాం. "డిప్రెషన్, మోడరేట్" అన్నారు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం మాత్ర రాశారు. "పని చేయడానికి టైం పడుతుంది, మధ్యలో ఆపొద్దు. కౌన్సెలింగ్ కూడా తీసుకోండి. మందు సగం పనే చేస్తుంది" అన్నారు. మాత్రలతో మొదట వికారం, నిద్ర. తర్వాత ఏడుపు కొంత తగ్గింది. మాట ఆగిపోవడం మాత్రం అలాగే ఉంది.

కౌన్సెలింగ్ కోసం మా ఆయన హన్మకొండలో ఒక మేడం దగ్గర వారానికోసారి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. దుకాణం తెరిచేలోపు అయిపోవాలని పొద్దున మొదటి టైమే అడిగాడు. కౌన్సెలింగ్ అంటే ఏంటో నాకేమీ తెలియదు. మంచి మాటలు చెబుతారనీ, వింటే నయమవుతుందనీ అనుకున్నాను. మేడం మంచావిడే. కానీ మా ఆయన్ని కూడా లోపలే కూర్చోబెట్టింది. నా సంగతులు ఆయన్ని అడిగేది. నన్ను, "నా కళ్లలోకి చూసి మాట్లాడాలి రజితా, కాన్ఫిడెన్స్ అక్కణ్ణుంచే మొదలవుతుంది" అనేది. సీబీటీ అని చెప్పి కొన్ని పనులు ఇచ్చేది. రోజూ ముగ్గురు కొత్తవాళ్లతో మాట్లాడాలి. గుంపులోకి పోయి భయం పోయేదాకా అక్కడే ఉండాలి. నేను అన్నీ చేశాను. చెప్పింది చెప్పినట్లు చేయడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ప్రతి వారం మొదటి ప్రశ్న ఒకటే. "పోయిన వారం కంటే తేడా ఉందా?"

మా దుకాణంలో బోణీ వేళ ఒక కట్టుబాటు ఉంది. మొదటి గిరాకీ ముందు "లేదు" అనే మాట నోట్లోంచి రాకూడదు. అడిగిన రంగు లేకపోతే ఇంకోటి చూపించాలి, ధర కుదరకపోతే తగ్గించాలి, అదీ కాకపోతే కనీసం దారపు రీలైనా చేతిలో పెట్టి పంపాలి. బోణీ చెడితే రోజంతా చెడుతుందని పెళ్లయిన కొత్తలో అత్తమ్మ చెప్పింది. ఎవరైనా నాకు ఒక నియమం చెబితే అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో నాకు తెలియదు. అన్నిచోట్లా పాటిస్తాను. ఆ మేడం గదిలో అప్పుడే అగర్‌బత్తి వెలిగించి ఉండేది. ఆవిడ ఆ రోజు చూసే మొదటి మనిషిని నేనే. ఇక "లేదు మేడం" అని ఎట్లా అనగలను? "ఉంది మేడం, మంచిగనే ఉన్న" అనేదాన్ని. ఆవిడ ముఖం వెలిగేది. మా ఆయన ముఖం వెలిగేది. గిరాకీ సంతోషంగా పోతే నాకు కలిగే తృప్తి లాంటిదే కలిగేది. బయటికి వచ్చి ఆటో ఎక్కగానే మాట పడిపోయేది.

నవ్వొస్తే నవ్వండి, నాకేం బాధ లేదు. డబ్బిచ్చి మరీ డాక్టరుకే సరుకు అమ్మిన మనిషిని నేను. కానీ ఆ అబద్ధం వెనక ఉన్నది బోణీ ఒక్కటే కాదు. తగ్గిందని మేడం చెబితే సహస్ర దగ్గరికి పోవచ్చు. అది నాకు బాగా తెలుసు.

చలికాలంలో మేడం, "వెరీ గుడ్ ప్రోగ్రెస్. ఇక సెషన్స్ అవసరం లేదు" అంది. నేను వరంగల్ ఇంటికి తిరిగి వచ్చాను. సహస్ర ఆ రోజంతా నా కొంగు వదల్లేదు. మళ్లీ గల్లా దగ్గర కూర్చున్నాను, మళ్లీ నవ్వాను. అత్తమ్మ అందరికీ, "మా కోడలికి తగ్గింది" అని చెప్పుకుంది. నాకు నయమైతే మేడారంలో సమ్మక్కకు నా ఎత్తు బంగారం తూస్తానని ఆమె మొక్కుకుందట. బంగారం అంటే బెల్లం. జాతర రానే వచ్చింది. తగ్గిందని నా నోటితో నేనే చెప్పాను కనుక, మొక్కు చెల్లించడానికి రానని అనే దారి లేకుండా పోయింది.

మేడారం జాతరకు వెళ్లినవాళ్లకు ఆ జనం గురించి చెప్పనక్కర్లేదు. తల్లుల మీద నాకు ఇప్పటికీ భక్తి ఉంది, ఆ పూట జరిగినదాంట్లో వాళ్ల తప్పు లేదు. బస్సు దిగిన దగ్గర్నుంచి డోళ్లు, మైకులు, దుమ్ము, ఒళ్లూ ఒళ్లూ రాసుకుంటూ మనుషులు. తల్లులు కొలువుండే గద్దెలు ఇంకా కొంత దూరంలో ఉన్నాయనగా నా లోపల ఏదో తెగింది. చెవులు మూసుకుని కేకలు పెట్టాను. నా చెయ్యి నేనే కొరుక్కున్నాను. ముందుకీ వెనక్కీ ఊగిపోయాను. ఎవరో ఆడమనిషి, "అమ్మొచ్చింది, అమ్మొచ్చింది" అని అరిచింది. నాకు పూనకం వచ్చిందనుకున్నారు. నుదుటికి పసుపు పూశారు, నెత్తిన బెల్లం పెట్టారు. ఇద్దరు ముగ్గురు కాళ్ల మీద పడ్డారు. ఒక ముసలామె నా గడ్డం పట్టుకుని, "తల్లీ, నా కొడుకు తాగుడు ఎప్పుడు మానుతడో చెప్పు తల్లీ" అని ఏడ్చింది. ఆమెకు కూడా నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

అత్తమ్మ దండం పెట్టి, ఎంతో గౌరవంగా నన్ను పట్టుకుని నడిపించింది. ఇంటికొచ్చాక కొన్నాళ్లు నా చేత పని కూడా చేయనివ్వలేదు. కానీ నేను లేవలేదు. తినలేదు, తల దువ్వుకోలేదు, మాట సరేసరి. దుకాణానికి తీసుకుపోతే అక్కడా చెవులు మూసుకున్నాను. అప్పుడు అత్తమ్మ, "గద్దెల కాడ వచ్చిందంటే అమ్మ. గల్లా కాడ ఏమొచ్చింది?" అంది. ఆమె అడిగింది న్యాయమే.

మళ్లీ కాజీపేట. ఈసారి అత్తమ్మ గట్టిగానే చెప్పింది. "పూర్తిగ తగ్గినంకనే పిల్లను నీ దగ్గరికి పంపుత. అది బుగులు పడతాంది నిన్ను జూసి." మా ఆయన ఎదురు చెప్పలేదు.

దాచకుండా చెబుతాను. ఆ రోజుల్లో నాకు బతకాలని లేదు. చచ్చిపోతే సహస్రకు ఒక మంచి అమ్మ దొరుకుతుందని లెక్కలు వేసుకున్నాను. ఏడుపు కూడా వచ్చేది కాదు, అంత ఖాళీ. ఒక మధ్యాహ్నం అమ్మ కంది పప్పు ఏరుతూ, నా వైపు చూడకుండానే, "నీకేమన్న చెయ్యరాని ఆలోచన వస్తాందా?" అని అడిగింది. ఊ అన్నాను. అమ్మ చేట పక్కన పెట్టింది. ఇంకేమీ అడగకుండా చెప్పులేసుకుని, నన్ను వెంటబెట్టుకుని సైకియాట్రిస్టు దగ్గరికి ఆటోలో తీసుకుపోయింది. ఆమె నాలుగో తరగతి చదువుకున్న మనిషి, కౌన్సెలింగ్ అనే మాట సరిగా పలకలేదు. ఆ ప్రశ్న ఎవరినైనా అడగడానికి భయపడేవాళ్లు మా అమ్మను తలుచుకోండి. అడిగితే ఆలోచన పుట్టదు. అది అప్పటికే లోపల ఉంటుంది.

సైకియాట్రిస్టు మందు మార్చారు, నన్ను ఒంటరిగా ఉంచొద్దన్నారు. తర్వాత, "ఇది డిప్రెషన్ ఒక్కటే అనిపించట్లేదు. అడల్ట్ ఆటిజం అసెస్‌మెంట్ చేయిద్దాం" అన్నారు. ఆటిజం అంటే చిన్నపిల్లలకు వస్తుందనే నేను విన్నాను. మా అమ్మ, "నా బిడ్డ డిగ్రీ పాసైంది సార్" అంది.

అసెస్‌మెంట్ చేసిన ఈ రెండో మేడం క్లినికల్ సైకాలజిస్టు. హన్మకొండలో ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన ఆవిడ గది. మొదటి రోజు లోపలికి పోగానే నేను కళ్లు చికిలించడం చూసి ట్యూబులైటు ఆర్పేసింది. "కిటికీ వెలుగు చాలు. మీరు నన్ను చూడక్కర్లేదు, ఎటు నచ్చితే అటు చూడండి. మాట రాకపోతే ఫోన్లో టైప్ చేయండి. అదీ వద్దనుకుంటే ఊరికే కూర్చుందాం" అంది. ఊరికే కూర్చున్నాం. మొదటి సెషన్ మొత్తం దాదాపు అంతే. నాకు నమ్మకం కలగలేదు. పైగా, ఇక్కడ కూడా నన్ను బాగుచేసేవాళ్లు లేరనిపించింది.

ఆవిడ ముందుగానే ఇంకో మాట చెప్పింది. "మీరు చెప్పింది మీ ఇంట్లోవాళ్లకు నేను చెప్పను. మీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మాత్రం, మీతో చెప్పి, మీ అమ్మగారికి చెప్తాను." మొదటిచోట ఈ మాట ఎవరూ అనలేదు. కౌన్సెలర్ ఎవరైనా ఇది మొదటి రోజే చెప్పాలట. నాకు అప్పుడు తెలిసింది.

అసెస్‌మెంట్ ఒక్క పూటతో అయ్యేది కాదు. ప్రశ్నలు, మళ్లీ ప్రశ్నలు. అమ్మను కూడా పిలిచి నా చిన్నతనం అడిగింది. అమ్మ చెప్పింది: "కొత్త గౌను తొడిగితే ఒళ్లంత గోక్కునేది మేడం. ఉతికి ఉతికి మెత్తగైన గుడ్డలే తొడుక్కునేది. చుట్టాలొస్తే మంచం కింద దూరేది. రైలు చప్పుడుకు మాత్రం భయపడకపోయేది." రైలు ఎప్పుడొస్తుందో నాకు తెలుసు కాబట్టి భయం లేదు. మనుషుల చప్పుడు ఎప్పుడు ఎటునుంచి వస్తుందో తెలియదు. చివర్లో అమ్మ, "నా పెంపకంల తప్పున్నదా మేడం?" అని అడిగితే మేడం, "పెంపకంతో వచ్చేది కాదమ్మా, పుట్టుకతో ఉండేది" అంది. అమ్మ పైటతో కళ్లు తుడుచుకుంది.

ఫలితం చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. "మీది ఆటిజం స్పెక్ట్రమ్. మాట ఆగిపోవడం షట్‌డౌన్. మేడారంలో జరిగింది మెల్ట్‌డౌన్. ఏళ్ల తరబడి మాస్కింగ్, అంటే నలుగురిలా నటించడం, చేసి చేసి అలసిపోవడాన్ని ఆటిస్టిక్ బర్నౌట్ అంటారు. డిప్రెషన్ దాని మీద వచ్చి కూర్చుంది."

పేరు తెలిశాక గుండె బరువు దిగిపోయిందని చాలామంది చెబుతారు. నాకు దిగలేదు. నేను ఫోన్లో టైప్ చేశాను: ఇది పోతదా మేడం?

"పోదు రజితా. డిప్రెషన్ తగ్గుతుంది, బర్నౌట్ నుంచి మెల్లగా కోలుకుంటారు. ఆటిజం పోదు. పోగొట్టాలని నేను చూడను కూడా."

నేను అక్కడే తల బాదుకుని ఏడ్చాను. మేడం నా మెదడు గురించి చెబుతోంది. నాకు వినపడింది ఒక్కటే, నా బిడ్డ నా దగ్గరికి రాదు.

ఆ తర్వాత సాగిన థెరపీ ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉన్నవాళ్ల కోసం చెబుతాను. న్యూరోడైవర్జెంట్ అఫర్మింగ్ అని మేడం అంటుంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, నన్ను నలుగురిలాగా తయారుచేయడం అక్కడ పని కాదు. నాకు ఏది నొప్పి కలిగిస్తుందో కనిపెట్టి దాన్ని తగ్గించుకోవడం పని. బయటికి పోతే చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటాను. చేతిలో మెత్తటి మల్ బట్ట ముక్క నలుపుకుంటూ కూర్చుంటాను, మానమని ఎవరూ అనరు. షట్‌డౌన్ రాబోయే ముందు నాకు పెదాలు చల్లబడతాయని నెలల తరబడి గమనిస్తే గానీ తెలియలేదు. సెషన్ అయిన రోజు ఇంకే పనీ చేయలేను, పడుకుంటాను. మేడం సలహాలు ఇవ్వదు, అడిగినా ఇవ్వదు. మొదట్లో నాకు కోపం వచ్చేది. ఇంత దూరం వచ్చింది ప్రశ్నలు వేయించుకోవడానికా అనిపించేది. చాలాసార్లు సెషన్ తర్వాత ముందుకంటే అధ్వానంగా అయ్యేదాన్ని. నటించడం మానేస్తే వెంటనే హాయిగా ఉంటుందనుకుంటాం. అది లేకుండా ఎలా నిలబడాలో రాక, మొదట అంతా కూలిపోతుంది.

బోణీ సంగతి ఆవిడకు చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది. చెప్పాక నవ్వుతుందని ఎదురుచూశాను. నవ్వలేదు. నా అపాయింట్‌మెంట్ మధ్యాహ్నానికి మార్చింది. "నేను అడిగే పద్ధతి కూడా మారుస్తాను. బాగుందా అని అడగను. ఈ వారం ఏది కష్టమైంది అని అడుగుతాను" అంది. మొట్టమొదటిసారి ఒక మనిషి తన ప్రశ్నను నాకోసం మార్చుకుంది. ఆ రోజు ఆటోలో ఏడ్చాను. అది కాస్త మంచి ఏడుపు.

మా ఆయన ఒకే ఒక్కసారి వచ్చాడు, నేను సరేనన్నాకే మేడం పిలిచింది. కుర్చీ అంచున కూర్చుని, "ఎన్ని నెలలు పడ్తది మేడం?" అన్నాడు.

"దేనికండీ?"

"మునుపటి లెక్క అయ్యేటందుకు."

"మునుపు ఆమె రోజంతా నటించింది. మళ్లీ నటిస్తే మళ్లీ పడిపోతుంది" అంది మేడం.

"మరి నేను ఎవరిని పెండ్లి చేసుకున్న మేడం?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు, జాలేసింది. నామీద నాకు కూడా. మేడం ఇంకోసారి రమ్మంది. ఆయన రాలేదు. మొగుడూ పెళ్లాల మధ్య థెరపీ అన్నీ అతుకుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వచ్చి కూర్చున్నవాళ్లకే అది ఎంతో కొంత ఉపయోగం.

ఇప్పుడు నేను కాజీపేటలోనే ఉంటున్నాను. విడాకులు లేవు, పిలుపూ లేదు. మాత్రలు వేసుకుంటున్నాను, చచ్చిపోవాలనే ఆలోచన చాలా వరకు పోయింది. పూర్తిగా పోయిందని రాయను. వచ్చినప్పుడు అమ్మకు చెబుతాను. దుకాణంలో మ్యాచింగ్ కుదరనప్పుడు మా ఆయన చీర ఫోటో పంపిస్తాడు, ఏ అలమరలో ఏ తానో నేను టైప్ చేసి పంపిస్తాను. మా మధ్య మాటలు అవే. నెలకు రెండుసార్లు మేడం దగ్గరికి పోతాను. మాట ఆగిపోవడం ఇంకా ఉంది. ముందు లాగా భయపడను, అంతే. అత్తమ్మ ఉండటానికి పంపకపోయినా, ఆదివారం ఆదివారం ఒక్క పూటకు సహస్ర వస్తుంది. ఇప్పుడది నాలుగో తరగతి.

చదివేవాళ్లకు నా సలహా ఒక్కటే. కౌన్సెలింగ్‌కి పోయిన మొదటి రోజే అడగండి: మీ దృష్టిలో నాకు తగ్గడం అంటే ఏంటి? కళ్లలోకి చూసి మాట్లాడటమా, మళ్లీ గల్లా మీద కూర్చోవడమా, నొప్పి లేకుండా బతకడమా? జవాబు మీకు నచ్చకపోతే ఇంకొకరిని వెతుక్కోండి, అందులో తప్పేమీ లేదు. ఆ జవాబు వినేటప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు ఒక షరతు పెట్టకముందే వినాలి. మేము అడగలేదు. అత్తమ్మ మనసులో తగ్గడం ఒకటి, రెండో మేడం మాటల్లో తగ్గడం ఇంకొకటి. ఆ రెండింటి మధ్య చిక్కుకున్నది పసిపిల్ల.

పోయిన ఆదివారం జడ వేస్తుంటే సహస్ర అడిగింది. "అమ్మా, నీకు ఎప్పుడు తగ్గుతది?"

నిజమే చెప్పాను. "ఏడుపు తగ్గింది బిడ్డా. మిగిలింది తగ్గేది కాదు. నేను గిట్లనే ఉంట. చప్పుడు పడదు, ఒక్కోపారి మాట రాదు. నువ్వంటే ప్రేమ లేక కాదు."

"నానమ్మ తగ్గినంకనే పంపుత అన్నది కదా?"

"అవును."

"అయితే ఇగ పంపదా?"

జడ చివర రబ్బరు బ్యాండు చుడుతూ ఉండిపోయాను. సహస్ర నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "నేను చెప్త అమ్మా, అమ్మకు తగ్గిందని. నవ్వుకుంట చెప్త. నేను చెప్తే నానమ్మ నమ్ముతది" అంది. చెప్పేటప్పుడు ఎట్లా నవ్వుతుందో నాకు చేసి కూడా చూపించింది.

"వద్దు బిడ్డా" అన్నాను. రెండుసార్లు అన్నాను.

సాయంత్రం వాళ్ల నాన్న బండి మీద వచ్చి తీసుకుపోయాడు.